మూడు తలలు, ఒక కీబోర్డు

ముందు పోయినవి చెబుతాను, వచ్చినవి తర్వాత.

విమానం టిక్కెట్టుకు ఇరవై నాలుగు వేలు, వీసాకు ఎనిమిది వేలు, వెరసి ముప్పై రెండు వేల రూపాయలు. తోలు చెప్పులు ఒక జత. కొని ఏడు నెలలే అయింది, ఇంకో ఏడాది నడిచేవి. మాగాయ ముప్పాతిక కిలో, సీసాతో సహా. పూతరేకులు యాభై, ఇవి పూర్తిగా పోలేదు, పొడి అయ్యాయి, పుచ్చుకున్నవాళ్ళు చెంచాతో తిన్నారు. ఎండకని పట్టుకెళ్ళిన గొడుగు ఒకటి. దుబాయిలో ఎండ వీధిలో ఉంటుంది, మనుషులు ఏసీ గదుల్లో ఉంటారు. దాన్ని విప్పే అవసరమే రాలేదు, ఎక్కడ మరిచిపోయానో కూడా తెలియలేదు. ఆఖరుది, ముప్పై ఏళ్ళుగా మా ఊళ్ళో నాకున్న ‘లెక్క తప్పని మనిషి’ అన్న పేరు. దానికి ధర కట్టడం చేతకాక ఆ గడి ఖాళీగా వదిలేశాను.

కస్టమ్స్ సుంకం ఇందులో కలపలేదు. అది నా ఒక్కడి నష్టం కాదు.

గల్ఫు దేశాలు చూసొచ్చినవాళ్ళు మా కోనసీమలో వీధికి పదిమంది ఉంటారు. ఎత్తయిన మేడల గురించీ, పడవ షికార్ల గురించీ వాళ్ళని అడగండి. నేను వెళ్ళింది ఒక వస్తువు కొనడానికి, దాన్ని సుంకం లేకుండా ఇంటికి చేర్చడానికి. ఈ రెండింట్లో మొదటిది జరిగింది.

రాజోలు: తలకి యాభై వేలు

నేను రాజోలు దగ్గర ఒక కొబ్బరికాయల వ్యాపారి వద్ద గుమస్తాను. బడిలో చదివింది పదో తరగతి. వడ్డీలు, శాతాలు, వాటాలు నా అంతట నేను నేర్చుకున్నవి. కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, బ్యాంకువాళ్ళు వాయిదా తప్పు వేసినా మా ఊరివాళ్ళు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వస్తారు.

అలాగే వచ్చాడు దీవెనరాజు. పెళ్ళిళ్ళలో, చర్చి కూటాల్లో, ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఆ వానాకాలంలో గోదావరి దాటుతుండగా పంటు ఒరిగి, అతని పాత కీబోర్డు నీళ్ళలోకి జారింది. మనుషులు ఈది బయటపడ్డారు. కీబోర్డుకి ఈత రాదు. తీసి ఎండబెట్టి చూస్తే, ఏ మెట్టు నొక్కినా ఒకే మూలుగు.

అప్పటినుంచి అద్దెకు తెచ్చి వాయిస్తున్నాడు. ప్రోగ్రాముకి వచ్చేది మూడు వేల అయిదు వందలు, అద్దె రెండు వేలు. పైగా అద్దెది సమయానికి దొరకక రెండుసార్లు ఆలస్యమయ్యాడు. ఆర్కెస్ట్రా నడిపే ఆయన ఇక తేల్చి చెప్పేశారు: కార్తీక మాసం పెళ్ళిళ్ళు మొదలయ్యే మొదటి శుక్రవారానికి సొంత కీబోర్డు లేకపోతే, పాలకొల్లు నుంచి వేరే ఆయన్ని పెట్టుకుంటాం. ఆ శుక్రవారం మొదలు క్రిస్మస్ దాకా ముప్పై ఎనిమిది ప్రోగ్రాములు. అవి పోతే దీవెనరాజుకి ఆ ఏడాది పోయినట్టే.

"ఇక్కడ లక్షా తొంభై ఎనిమిది వేలంటండి మూర్తిగారూ. మా అక్క శాంతమ్మ దుబాయిలో అడిగి చూసిందండి. అక్కడ అయిదు వేల అయిదు వందల దిరాములేనంట."

"దిరాము ఎంత?"

"ఇరవై నాలుగు రూపాయలండి."

"లక్షా ముప్పై రెండు వేలు."

"ఆయ్."

అరవై ఆరు వేలు తేడా. రానూపోనూ టిక్కెట్టూ, వీసా తీసేసినా ముప్పై నాలుగు వేలు మిగులు. చీటీ పాడి తెచ్చిన లక్షా డెబ్భై వేలు అతని దగ్గర ఉన్నాయి. అడ్డం వచ్చేది ఒక్కటే, సుంకం. మేం వెళ్ళిననాటి నియమం ప్రకారం, విదేశం నుంచి వచ్చే మనిషి యాభై వేల రూపాయల సామాను ఊరికే తెచ్చుకోవచ్చు. ఆ పైన ఎంతుంటే అంతమీద నూటికి ముప్పై అయిదు. ఆ సుంకం మీద మళ్ళీ పదో వంతు అదనం. అంటే నూటికి ముప్పై ఎనిమిదిన్నర.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మా కొట్టు నుంచి వెళ్ళే లారీలో ఒక్కోసారి ముగ్గురు రైతుల కాయలుంటాయి. లారీ ఒకటే, బిల్లులు మూడు. ఎవరి వాటా వారిది, ఎవరి పన్ను వారిది. ఇదీ అంతే కదా? లక్షా ముప్పై రెండు వేలని ముగ్గురికి పంచితే తలకి నలభై నాలుగు వేలు. యాభైకి ఆరు వేలు లోపు. సుంకం సున్నా.

దీవెనరాజు ఒక తల. సెలవు మీద అదే విమానంలో వచ్చే శాంతమ్మ రెండో తల.

"మూడో తల ఎవరిదండి?" అన్నాడు దీవెనరాజు.

"నాది."

"తల వస్తే చాలా అండి, మనిషి కూడా రావాలా?"

మనిషి కూడా వెళ్ళాడు, సొంత ఖర్చుతో. విమానం ఎక్కాలన్న కోరిక నాకు చాలా కాలంగా ఉంది. దానికి ఇంత లెక్కైన కారణం మళ్ళీ దొరకదనుకున్నాను.

జొన్నాడ: అందరూ ఆఫీసర్లే

విమానాశ్రయానికి వెళ్ళే దారిలో జొన్నాడలో టీకి ఆగాం. మా చేతుల్లో పెట్టెలు చూసి, అడక్కుండానే సలహాలు మొదలయ్యాయి. మా జిల్లాలో కస్టమ్స్ గురించి తెలియనివాళ్ళు లేరు. తెలిసినవాళ్ళలో ఏ ఇద్దరి మాటా కలవదు.

"అట్టపెట్టె అక్కడే పారేయండి. పెట్టె లేకపోతే పాత సామానే," అన్నారు మా కారు డ్రైవరు.

"పెట్టె లేకపోతేనే అనుమానపడతారండి. దర్జాగా పెట్టెతో రండి," అన్నారు టీ కొట్టాయన.

బల్ల చివర కూర్చున్న పెద్దాయన గ్లాసు దించి, "మా కోడలు కువైట్ నుంచి వచ్చేటప్పుడు ఏడ్చిందండి. వదిలేసేరు," అన్నారు.

"ఏం తెచ్చేరండి?" అన్నాను.

"ఇస్త్రీ పెట్టె."

రెండు వేల రూపాయల ఇస్త్రీ పెట్టెకి సుంకమే లేదు, ఏడవక్కర్లేదు అని వివరించాను. ఆయన ఒప్పుకోలేదు. ఏడుపు వల్లే వదిలారని ఆ ఇంట్లో స్థిరపడిపోయింది. నేను మాత్రం నా దగ్గర నియమం ఉంది, శాతం ఉంది, భాగహారం ఉంది అని ధీమాగా టీ తాగాను.

ఎక్కే చోట తనిఖీలో మాగాయ సీసా దగ్గర ఆపారు.

"లిక్విడా ఇది?"

"ఊరగాయండి."

"పైన ఆ అంగుళం ఏంటి?"

"నూనె."

"అయితే లిక్విడే."

నూనె మొత్తంలో పన్నెండో వంతు మించదు, పదకొండు వంతులు మామిడి ముక్కలే అని నిరూపించబోయాను. సీసా అప్పటికే డబ్బాలో పడింది. పదకొండు వంతుల నిజం ఒక వంతు నూనె వల్ల ఓడిపోవడం ఈ ప్రయాణంలో నాకు దొరికిన మొదటి హెచ్చరిక. నేను దాన్ని హెచ్చరిక అనుకోలేదు.

దేరా: అద్దం లాంటి నేల

దేరా దుబాయిలో పాత బజారు. కొట్లన్నీ కొట్లలాగే ఉంటాయి కానీ నేల అద్దంలా ఉంటుంది. కీబోర్డుల షాపు ముందు ఆగి, ఆ నేల చూసి, అలవాటు కొద్దీ చెప్పులు బయట విడిచాను. నన్ను చూసి దీవెనరాజూ విడవబోయాడు. వాళ్ళక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

శాంతమ్మని అప్పుడే మొదటిసారి దగ్గరగా చూడటం. యాభైకి దగ్గర్లో ఉంటుంది. పదకొండేళ్ళుగా అక్కడ ఇళ్ళల్లో పని చేస్తోంది. "ఇక్కడెవరూ విప్పరండి అన్నయ్యగారూ. వేసుకోండి," అంది. నేను వినలేదు. గంటన్నర తర్వాత బయటికొస్తే చెప్పులు లేవు. ఎవరూ దొంగిలించలేదట, శుభ్రం చేసే మనిషి చెత్త అనుకుని ఊడ్చేశాడట. ఆ ఊరు అంత శుభ్రంగా ఎందుకుంటుందో నాకు అర్థమైంది. కొత్తజత నలభై అయిదు దిరాములు, అంటే వెయ్యీ ఎనభై రూపాయలు.

షాపులో ఆ గంటన్నరా దీవెనరాజు కీబోర్డు ముందే కూర్చున్నాడు. వాల్యూము బాగా తగ్గించి, మాకు కూడా వినపడకుండా ఏదో వాయించుకున్నాడు. అతని మొహం చూశాక బేరం ఆడే బలం మా వైపు లేదని షాపాయనకి తెలిసిపోయింది. అయినా ఆరు వేలు చెప్పినదాన్ని శాంతమ్మ హిందీలో నాలుగు మాటలాడి, అనుకున్న అయిదు వేల అయిదు వందలకి దింపింది.

మూడు బిల్లులు కావాలన్నాను. షాపాయన మలయాళీ. "సామాను ఒకటే కదా?" అని వేలు చూపించాడు.

"తలలు మూడు," అని నేను మూడు వేళ్ళు చూపించాను.

పిచ్చివాళ్ళతో వాదన పెట్టుకోని మంచి వ్యాపారి. రాసిచ్చాడు. అయిదు వేల అయిదు వందలు మూడుతో తెగదు కాబట్టి ఒక బిల్లు పద్దెనిమిది వందల ముప్పై నాలుగు, రెండు బిల్లులు పద్దెనిమిది వందల ముప్పై మూడు. ఎక్కువది నా పేరున రాయించుకున్నాను. దాన్ని త్యాగం అనుకున్నాను కూడా.

దారిలో ఒక పెద్ద దుకాణంలో కొబ్బరికాయ కనిపించింది. ఆరు దిరాములు, అంటే నూట నలభై నాలుగు రూపాయలు. మా దగ్గర రైతు చేతికి కాయకి ఇరవై రెండు రూపాయలు వస్తే ఆ రోజు ఇంట్లో మాంసం వండుతారు. అంటే ఆరున్నర రెట్లు. మా కొట్లో వెయ్యి కాయలు కొన్నవాడికి కొసరు వేస్తాం. ఇక్కడ ఒక కాయ కొంటే సంచికి వేరే డబ్బులు తీసుకున్నారు. కొసరు అనే మాట లేని దేశంలో సంసారాలు ఎలా చేస్తారో నాకు తెలియదు.

శాంతమ్మ గది

ఆదివారం శాంతమ్మ మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఒకే గదిలో ఆరు మంచాలు, ఒకదానిమీద ఒకటి చొప్పున మూడు జతలు. మిగతా అయిదుగురూ చర్చికి వెళ్ళారు. మంచానికి నెలకి ఏడు వందల దిరాములు. నిలువు మనిషి పడుకునే చోటుకి పదహారు వేల ఎనిమిది వందల రూపాయలు. రాజోలులో ఆ డబ్బుకి మూడు గదుల ఇల్లు అద్దెకొచ్చి, పైన మిగులుతుంది.

కింద మంచం మీద పాత పేపరు పరిచి చేపల పులుసు వడ్డించింది. చేప అక్కడి ఐసు చేప. చింతపండు మాత్రం మన సంతది. ఎవరో ఒకరు వచ్చినప్పుడల్లా తెప్పించుకుంటుందట. నేను రెండోసారి వడ్డించుకున్నాను. మూడోసారి అడగకుండానే వేసింది.

"పొద్దున్న ఒక డ్యూటీ, సాయంత్రం ఒక డ్యూటీ అండి," అంది. అక్కడ మనవాళ్ళందరికీ పనంటే డ్యూటీయే. "నడిమజ్జెన రెండు గంటలు నాది."

"ఊరికి ఏం తీసుకెళ్తున్నావమ్మా?" అన్నాను. బయటికి మర్యాదగానే అడిగాను గానీ, లోపల నా లెక్క ఉంది. ఆమె తల మీద ఇప్పటికే నలభై నాలుగు వేలు ఉన్నాయి. ఇంకా ఆరు వేలకి మించి చోటు లేదు.

అర్థం చేసుకుని నవ్వింది. "కంగారు పడకండి. సబ్బులు, బాదంపప్పు, అమ్మకి దుప్పటి. అంతే. నా తల మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి సామానేనండి. ఒకసారి పక్కింటోళ్ళ ఫోను, ఒకసారి పాస్టరుగారి మైకు. పదకొండేళ్ళలో నా యాభై వేలు నేను ఒక్కసారీ వాడుకోలేదు."

"ఈసారి తమ్ముడిదే కదే," అన్నాడు దీవెనరాజు.

"నీదైతే ఏంట్రా, బరువు బరువే," అని అతని కంచంలో ఇంకో ముక్క వేసింది.

తిరుగు విమానం

వెళ్ళేటప్పటి విమానంలో మనుషులు కొత్తపెళ్ళి వాళ్ళలా బెదురుగా కూర్చుంటారు. వచ్చేటప్పటిది వేరు. విమానం దిగడానికి గంట ముందు నుంచీ ఒక వేషధారణ జరుగుతుంది. పెట్టెలోంచి కొత్త ఫోను తీసి, దానికి పాత కవరు తొడుగుతారు. కొత్త వాచీ చేతికి పెట్టుకుని చెమట పట్టేదాకా ఊరుకుంటారు. నా ముందు సీటు ఆసామి రెండు చేతులకీ రెండు వాచీలు పెట్టుకున్నాడు. టైము రెండింట్లోనూ తప్పే.

నా పక్కన కూర్చున్న ఆయన యాభై అయిదు అంగుళాల టీవీ తెస్తున్నారు. సామాన్ల అరలో వేశారట.

"ముప్పై ఎనిమిది వేలేనండి. యాభై లోపే కదా, బెంగ లేదు," అన్నారు.

"టీవీకి ఆ యాభై వేల మినహాయింపు లేదండి," అన్నాను. "మొదటి రూపాయి నుంచీ కట్టాలి. పద్నాలుగు వేల ఆరు వందల ముప్పై."

"ల్యాప్‌టాప్ ఊరికే వదుల్తారంట కదండి?"

"పెద్దవాళ్ళకి తలకొకటి వదుల్తారు. టైపు కొట్టుకోవచ్చు, సినిమా చూడకూడదు. అదీ ప్రభుత్వంవారి ఉద్దేశం."

ఆయన మొహం పాలిపోయింది. సానుభూతి చూపించాను. అది చూపించడానికి అప్పటికి నాకు తీరిక ఉంది.

ఆకుపచ్చ దారి

దిగింది గురువారం పొద్దున్న. ఏ విమానాశ్రయమో రాయను. అక్కడివాళ్ళ తప్పేమీ లేదు. బయటికి రెండు దారులుంటాయి. చెప్పుకోవలసినవి ఉన్నవాళ్ళకి ఎర్రది, లేనివాళ్ళకి ఆకుపచ్చది. మేం ఆకుపచ్చ దారిలో, మనిషంత పొడవు పెట్టెని బండి మీద అడ్డంగా పెట్టుకుని, ముగ్గురం మూడు వైపులా పట్టుకుని నడిచాం. శవాన్ని మోస్తున్నవాళ్ళు కూడా అంత నెమ్మదిగా నడవరు.

ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకున్న కుర్ర వయసు ఆయన. తెలుగులోనే మాట్లాడారు.

"డ్యూటీ ఏమైనా ఉందా అమ్మా?"

"మొన్నటితో అయిపోయిందండి. రెండు నెలలు లీవు," అంది శాంతమ్మ.

"మీ డ్యూటీ కాదు. సామాను డ్యూటీ."

"సామానుకి డ్యూటీ ఏంటండి? అది మోయించుకుంటది గానీ పనిచెయ్యదు కదా."

ఆయన నవ్వారు. నవ్వుతూనే పెట్టె వైపు చూశారు. నేను ముందుకొచ్చి, సిద్ధంగా ఉంచుకున్న మూడు బిల్లులూ బల్ల మీద పెట్టాను.

"ముగ్గురిదీ సార్. తలకి నలభై నాలుగు వేలు. ఎవరికీ యాభై దాటలేదు."

మూడు బిల్లులూ పక్కపక్కన పేర్చి చూశారు. "మూడింటి మీదా ఒకటే సీరియల్ నంబరు ఉంది."

"సామాను ఒకటే కదా సార్."

"నేనూ అదే అంటున్నాను." దీవెనరాజు వైపు తిరిగారు. "ఇందులో మీ భాగం ఏది?"

దీవెనరాజు భయపడిపోయాడు. "తెల్లమెట్లండి."

"మీదమ్మా?"

"వైరండి," అంది శాంతమ్మ, తడుముకోకుండా.

నన్ను అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

నేను లారీ సంగతి వివరించాను. ముగ్గురు రైతులు, ఒక లారీ, మూడు బిల్లులు. ఆయన ఓపిగ్గా విన్నారు. "లారీలో కాయల్ని మూడు కుప్పలు చేస్తే మూడూ కాయలే. దీన్ని మూడు ముక్కలు చేస్తే?"

"చెత్తండి," అన్నాడు దీవెనరాజు.

"అంతే. ముగ్గురూ మూడు వస్తువులు తెస్తే మూడు తలలు. ముగ్గురూ కలిసి ఒకటి తెస్తే ఒక తల. ఒకరి మినహాయింపు ఇంకొకరికి కలవదు. రూల్లోనే ఉంది." తర్వాత గొంతు తగ్గించారు. "బిల్లులు ఇలా ముక్కలు చేసి చూపించడం తప్పు పని. తెలియక చేశారనుకుంటున్నా కాబట్టి కేసు రాయట్లేదు."

కేసు రాసినా నాకు అంత గుచ్చుకునేది కాదు. ‘తెలియక’ అన్నారు. నియమం మొదటి వాక్యం చదివి, రెండో వాక్యం చదవకుండా ముప్పై రెండు వేలు పెట్టి విమానం ఎక్కినవాణ్ణి ఇంకేమంటారు?

ఆయన మిషను తీసేలోపు నా నోరు లెక్క కట్టేసింది. లక్షా ముప్పై రెండు వేలలో యాభై పోను ఎనభై రెండు. దానిమీద ముప్పై అయిదు చొప్పున ఇరవై ఎనిమిది వేల ఏడు వందలు. దాని పదో వంతు రెండు వేల ఎనిమిది వందల డెబ్భై. మొత్తం ముప్పై ఒక్క వేల అయిదు వందల డెబ్భై.

మిషను కూడా అదే చూపించింది. "లెక్క బాగా చేస్తారు," అన్నారు ఆఫీసరు.

దీవెనరాజు దగ్గర రెండు వేల మూడు వందలు ఉన్నాయి. నా దగ్గర నాలుగు వేల ఒక వంద. బ్యాంకు కార్డు దారిలో పోతుందేమోనని ఇంట్లో బీరువాలో భద్రంగా పెట్టి వచ్చాను. ఫోన్లో డబ్బు పెట్టుకునే అలవాటు లేదు. కట్టలేకపోతే రసీదు తీసుకుని సామాను అక్కడే ఉంచి, తర్వాత డబ్బు కట్టి విడిపించుకోవచ్చన్నారు. తర్వాత అంటే మళ్ళీ రాను ఒక రోజు, పోను ఒక రోజు. ప్రోగ్రాము మర్నాడు సాయంత్రం.

దీవెనరాజు పెట్టె పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. "పాలకొల్లు ఆయనకి ఫోన్ చేసేస్తారండి," అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "మీరేం చేస్తారండి. మీ లెక్క బానే ఉంది కదండీ," అన్నాడు. తిట్టినా బాగుండేది.

మా షావుకారుకి ఫోను చేద్దామా, చేస్తే ఊరంతటికీ తెలుస్తుంది కదా అని నేను ఇంకా తూకం వేసుకుంటూనే ఉన్నాను. శాంతమ్మ అప్పటికే జాకెట్టులోంచి గుడ్డ సంచీ తీసి, ఎదుటి గోడకున్న డబ్బు మార్చే కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. పద్నాలుగు వందల దిరాములు. వాళ్ళమ్మకి ఇంటి వెనక బాత్‌రూము కట్టించడానికి దాచినవి. కిటికీవాడు దిరాముకి ఇరవై రెండు ముప్పావే ఇచ్చాడు. ముప్పై ఒక్క వేల ఎనిమిది వందల యాభై వచ్చాయి.

"నీ డబ్బెందుకమ్మా?" అన్నాను. అడ్డం మాత్రం పడలేదు.

"లెక్క మీరు కట్టేరు. డబ్బు నేను కడతాను. వాయించేది వాడు. ఎవరి డ్యూటీ వాళ్ళది అన్నయ్యగారండీ."

మిగిలిన రెండు వందల ఎనభై రూపాయలకి బయట మూడు టీలు వచ్చాయి.

వెనక్కి తిరిగి చూస్తే, టీవీ ఆసామి ఎర్ర దారిలో పద్నాలుగు వేల ఆరు వందల ముప్పై కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, తల ఎత్తుకుని నడిచి వస్తున్నారు. నన్ను చూసి చెయ్యి ఊపారు.

మళ్ళీ రాజోలు

శుక్రవారం సాయంత్రం మలికిపురం దగ్గర పెళ్ళి. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆర్కెస్ట్రా ఆయన మైకులో "దుబాయి నుంచి ప్రత్యేకంగా తెప్పించిన వాయిద్యం" అని మూడుసార్లు చెప్పారు. దీవెనరాజు తలెత్తలేదు. షాపులో మాకు వినిపించకుండా వాయించింది ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. అందరికీ తెలిసిన మంగళవాయిద్యమే. పందిరి కింద మాటలు ఆగిపోయాయి. పాలకొల్లు ఆయనకి ఎవరూ ఫోను చెయ్యలేదు.

సోమవారం శాంతమ్మని కొట్టుకి రమ్మని కబురు పంపాను. తప్పు నాది కాబట్టి ముప్పై ఒక్క వేల అయిదు వందల డెబ్భై కవరులో పెట్టి ఇచ్చాను. కిటికీవాడు తగ్గించిన డబ్బు కూడా కలుపుతానన్నాను.

"వాడు తిన్నది వాడితోనే పోయిందండి," అంది. "మూడు తలలని మీరే కదండి అన్నది. కీబోర్డుకి కలవలేదు గానీ, బాకీకి కలవకూడదని ఆ ఆఫీసరుగారు చెప్పలేదు. తలకెంతో చెప్పండి."

"పదివేల అయిదు వందల ఇరవై మూడు."

"తమ్ముడిది వాడు నెలనెలా ఇస్తాడు. నాది నాది. మీది తీసుకుంటాను." లెక్కపెట్టి అంతే తీసుకుని, మిగతా కవరు బల్ల మీద పెట్టేసింది. నా పుస్తకంలో సంతకం కూడా చేసింది.

సంతకం అయ్యాక చూస్తే లెక్క సరిపోలేదు. మూడు పదివేల అయిదు వందల ఇరవై మూడులు ముప్పై ఒక్క వేల అయిదు వందల అరవై తొమ్మిది. ఒక రూపాయి మిగిలింది. అది ఎవరి తలమీదా లేదు. సొరుగులోంచి రూపాయి బిళ్ళ తీసి ఇచ్చాను.

తీసుకోలేదు. "ఇక్కడొద్దండి. మా ఇంటికొచ్చి ఇవ్వండి. టీ పెడతాను."

"వస్తానమ్మా," అన్నాను.

వాళ్ళ పేట మా కొట్టుకి కాలువ అవతల. మధ్యలో సిమెంటు వంతెన, నా నడకతో నాలుగు నిమిషాలు. ఆ వారం కాయల లోడు ఉంది. ఆ తర్వాతి వారం వాన. ఆ తర్వాత మా ఇంట్లో, ‘టీ తాగి వచ్చారా’ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అని ఒక ఆలోచన వచ్చింది, అది వచ్చాక ఇక వేరే కారణాలు వెతుక్కోలేదు. వాళ్ళ గదిలో, వాళ్ళ మంచం మీద కూర్చుని మూడుసార్లు పులుసు పోసుకున్నవాణ్ణి. పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని మూడు వేల కిలోమీటర్లు వెళ్ళి తిన్నది, వంతెన దాటి తాగలేకపోయాను. ఈ దారికి ఎర్రదీ ఆకుపచ్చదీ లేదు, ఆపి అడిగే ఆఫీసరూ లేరు. ఆపింది నేనే.

రెండు నెలలు అయిపోయి శాంతమ్మ డ్యూటీకి వెళ్ళిపోయింది. బాత్‌రూము పునాది దాకా లేచి ఆగింది. మొన్న దీవెనరాజు తన ఫోను నా బల్ల మీద పెట్టి, "అక్కండి," అన్నాడు. తెరలో ఆ ఆరు మంచాల గది, ఆమె మొహం.

"అన్నయ్యగారండీ, బావున్నారా? నా రూపాయి ఎందాకా వచ్చిందండి?"

"వస్తోందమ్మా."

"అమ్మ ఇంట్లోనే ఉంటదండి. పాలు ఎప్పుడూ ఉంటాయి."

పుస్తకంలో ఆ పేజీ ఇంకా మూయలేదు. ఇది రాసేనాటికి శాంతమ్మకి నా బాకీ ఒక రూపాయి.